సెలెక్షన్‌కీ ట్రైనింగ్‌కీ మధ్య వారాలు వృథా కానివ్వకండి

సంపాదకులు గారికి నమస్కారం.

అగ్నివీర్ ఫలితాలు వచ్చినప్పుడల్లా మీ జిల్లా పేజీలో పిల్లల ఫొటోలు వేస్తున్నారు. మెడలో దండ, పక్కన అమ్మానాన్న, వెనకాల ఫ్లెక్సీ. ఆ పేజీ చూస్తే నాకు కడుపు నిండిపోతుంది. నేను ఆర్టిలరీలో, అంటే సైన్యం ఫిరంగి దళంలో, పనిచేసి హవల్దారుగా రిటైరైనవాణ్ణి. సర్వీసులో కొన్నేళ్లు గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో పీటీ ఉస్తాదుగా, అంటే వ్యాయామం నేర్పే శిక్షకుడిగా, ఉన్నాను. ఇప్పుడు సోంపేట దగ్గర సొంతూళ్లో ఉంటూ పొద్దున పూట హైస్కూల్ గ్రౌండులో పిల్లల చేత ప్రాక్టీసు చేయిస్తున్నాను. ఆ ఫొటోల్లో ఉన్న పిల్లల కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆర్మీ సెలెక్షన్ ర్యాలీ ఎలా కొట్టాలో చెప్పేవాళ్లు ఇప్పుడు వీధికొకరు ఉన్నారు. ర్యాలీ కొట్టిన పిల్లాడికి ఆ తర్వాత సంగతి చెప్పేవాళ్లే కనబడడం లేదు. మెరిట్ లిస్టులో పేరు వచ్చాక ట్రైనింగ్ సెంటర్‌లో రిపోర్టు చేసే తేదీ వరకు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు చేతిలో ఉంటాయి. ఆ రోజులన్నీ ఎలా పోతున్నాయో మా మండలంలో కళ్లారా చూస్తున్నాను. సన్మానాలు, చుట్టాల ఇళ్లలో భోజనాలు, స్నేహితులతో బైకుల మీద అరకు, రాత్రి రెండింటిదాకా ఫోను. ఉద్యోగం వచ్చేసింది కదా అని పరుగు ఆపేస్తారు. అలా ఒళ్లు వదిలేసిన పిల్లాడు పలాసలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి సెంటర్‌కి వెళ్లి, మర్నాటి నుంచే రోజంతా కాళ్ల మీద నిలబడాలి.

ర్యాలీలో అడిగేది ఏమిటి? 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరుగెత్తితే 60 మార్కులు. పది బీములు (పుల్‌అప్‌లు) తీస్తే 40. తొమ్మిది అడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ బీమ్ మీద పడిపోకుండా నడవాలి. 2023 నుంచి ఆన్‌లైన్ పరీక్ష ముందుకు వచ్చింది కాబట్టి అది పాసైనవాళ్లే గ్రౌండుకి వస్తున్నారు. అకాడమీలు ఈ లెక్కకు సరిపడా తయారు చేస్తాయి. వాళ్లను తప్పుపట్టను, ఆ మార్కులు లేకపోతే లోపలికే పోలేం. కానీ పిల్లాడి ఒళ్లు అయిదున్నర నిమిషాల పనికి మాత్రమే తయారవుతోంది. సెంటర్‌లో ఉండేది 31 వారాల శిక్షణ. మొదటి పది వారాలు బేసిక్, మిగతా ఇరవై ఒకటి ట్రేడ్‌కి సంబంధించిన అడ్వాన్స్ ట్రైనింగు. తెల్లారకముందే ఫాలిన్ (వరసలో నిలబడడం), పీటీ, తర్వాత బూట్లేసుకుని డ్రిల్, వెపన్ క్లాసు, సాయంత్రం ఆటలు, మధ్యమధ్యలో ఫెటీగ్ అనే ఊడ్చడం, మోయడం లాంటి పనులు. పరుగు పరీక్షలూ ఉంటాయి. మా రోజుల్లో పీపీటీ అనే పరీక్షలో 2.4 కిలోమీటర్లు. బీపీఈటీ అనే ఇంకో పరీక్షలో భుజాన రైఫిలు, వీపున ప్యాకుతో అయిదు కిలోమీటర్లు. ఇక్కడ ఊపిరి బిగబట్టి ఒక్క దమ్ములో కొట్టేస్తే అయిపోయేది ఏమీ ఉండదు. ఈరోజు ఎంత చేశావో రేపు లేచి మళ్లీ అంత చేయాలి.

నేను చూసినంతలో కుర్రాళ్లను ఎక్కువగా పడగొట్టేది కాలి ఎముక. ఊపిరి, కండ కొద్ది వారాల్లోనే దారికి వస్తాయి. ఎముక అంత తొందరగా రాదు. దాని మీద కొత్తగా బరువు పడితే శరీరం ముందు పాత ఎముకను కొంత తొలగించి, ఆ తర్వాత గట్టిగా కడుతుంది. ఆ మధ్య కాలంలో, అంటే దాదాపు మూడో వారం, నాలుగో వారంలో, ఎముక బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ట్రైనింగు జోరందుకుంటుంది. మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఉండే ఎముకలో వెంట్రుకవాసి పగులు వస్తుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనబడకపోవచ్చు. అది వచ్చిందంటే వారాల తరబడి విశ్రాంతి తప్పదు. శిక్షణ ఎక్కువ తప్పిపోతే రెలిగేట్ చేసి వెనక బ్యాచ్‌లో కలుపుతారు. తనతో వచ్చినవాళ్లు శిక్షణ చివర ప్రమాణం చేసే కసమ్ పరేడ్‌కి తయారవుతుంటే ఆ పిల్లాడు బ్యారక్‌లో కూర్చుని చూస్తుంటాడు. ఆ ముఖాలు నేను మర్చిపోలేదు.

ఒళ్లునొప్పికీ దీనికీ తేడా పిల్లలందరికీ తెలియాలి. పిక్కలు, తొడలు మొత్తం పట్టేసినట్టుంటే అది కండ నొప్పి, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఎముక మీద ఫలానా చోట అని ఒక్క వేలు పెట్టి చూపించగలిగేలా నొప్పి ఉండి, నొక్కితే ప్రాణం జివ్వుమని, పరుగు ఆపాక కూడా తగ్గక, రాత్రి పడుకున్నా సలుపుతుంటే వెంటనే ఉస్తాదుకి చెప్పి ఎంఐ రూములో (సెంటర్ దవాఖానాలో) డాక్టరు దగ్గరికి పోవాలి. చాలామంది చెప్పరు. దాచేస్తారు. అగ్నిపథ్ వచ్చాక ఈ దాపరికం ఇంకా పెరుగుతుందని నా భయం. నాలుగేళ్ల తర్వాత పాతిక శాతం మించి ఉంచుకోరని ప్రతి పిల్లాడికీ మొదటి రోజు నుంచే తెలుసు. ప్రతి టెస్టూ తన లెక్కలో పడుతుందన్న టెన్షన్‌తో కుంటుతూనే పరుగెత్తుతాడు. వారం రెస్టుతో పోయేది మూడు నెలలకు తెచ్చుకుంటాడు. నాయనా, డాక్టరు దగ్గరికి పోయినవాడు పిరికివాడని సెంటర్‌లో ఏ మంచి ఉస్తాదూ అనుకోడు.

ఇంటి దగ్గర ఉన్న వారాల్లో చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. వారానికి నాలుగు రోజులు నెమ్మదిగా, పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగంలో, నాలుగైదు కిలోమీటర్లు పరుగెత్తాలి. మా పిల్లలకు ఇదే కష్టం, నెమ్మదిగా పరుగెత్తమంటే నామోషీ. వారంలో ఒక్కరోజు మాత్రం పాత పద్ధతిలో వేగంగా కొట్టండి, ఒక రోజు పూర్తిగా రెస్టు. దూరం ఒక్కసారిగా పెంచొద్దు, ముందు వారం కంటే పదో వంతు పెంచితే చాలు. వారానికి రెండుసార్లు పాత స్కూలు బ్యాగులో అయిదు కేజీల ఇసుక మూట వేసుకుని గంటసేపు చురుగ్గా నడవండి. బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పది కేజీల దాకా పోవచ్చు, అంతకంటే అవసరం లేదు. బరువుతో పరుగు మాత్రం ఇంటి దగ్గర వద్దేవద్దు, అది సెంటర్‌లో పద్ధతి ప్రకారం నేర్పుతారు. మా ఉద్దానం పిల్లలకు కొబ్బరి చెట్లెక్కే అలవాటు ఉంది కాబట్టి శిక్షణలో ఉండే తాడు ఎక్కడం వాళ్లకు తేలిక. మిగతావాళ్లు మామిడి కొమ్మకు కొబ్బరి మోకు కట్టి చేతులతో ఎక్కడం నేర్చుకోవాలి. దండీలు, సిటప్‌లు ఎలాగూ చేస్తారు. ఇంకోటి, తెల్లవారుజామున చీకట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని హైవే పక్కన పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. పదహారో నంబరు హైవే మీద లారీలు ఎలా పోతాయో మనకందరికీ తెలుసు. గ్రౌండు లేకపోతే ఊరి చెరువుగట్టు ఉంది, తోటల మధ్య బండిబాట ఉంది.

పాదాల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. సెంటర్‌లో రాత్రి రోల్‌కాల్ తర్వాత నేను కుర్రాళ్ల పాదాలు చూసేవాణ్ణి. మంచాల ముందు వరసగా నిలబెట్టి మేజోళ్లు తీయమనేవాణ్ణి. ఒకసారి మన తెలుగు పిల్లాడే, మేజోడు తీయడానికి వెనకాడుతున్నాడు. కూర్చోబెట్టి చూస్తే మడమ దగ్గర బొబ్బ చితికి, ఆ తడికి మేజోడు చర్మానికి అంటుకుపోయి ఎండిపోయింది. గోరువెచ్చని నీళ్ల బకెట్ తెప్పించి, పాదం అందులో ఉంచి, బట్ట నానేదాకా ఆగి మెల్లగా వదిలించాం. పొద్దుటి నుంచీ ఆ కాలితోనే డ్రిల్ చేశాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, తిడతారేమోనని, అన్నాడు. అంతకుముందు వాడికి స్పోర్ట్స్ షూ, చెప్పులు తప్ప తోలు బూట్లు తొడిగిన అనుభవమే లేదు. అందుకే చెబుతున్నాను, చీలమండ దాటి పైకి వచ్చే గట్టి బూట్లు ఒక జత ఇంట్లోనే తొడుక్కుని అలవాటు చేసుకోండి. మొదటి రోజు అరగంట, తర్వాత గంట, తర్వాత రెండు గంటలు. సాయంత్రం పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రమే కొనండి, బొటనవేలికి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మేజోళ్లు తడిస్తే మార్చాలి. రాత్రి పాదాలు కడిగి, వేళ్ల సందులు ఆరేలా తుడిచి, పౌడరు వేసుకోవాలి. గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి, మూలలు లోతుగా తీస్తే గోరు చర్మంలోకి దిగి చీము పడుతుంది. ఎర్రగా కమిలినప్పుడే చిన్న టేపు వేస్తే బొబ్బ దాకా రాదు.

ఇక తిండి, నీళ్లు. మన చోడి (రాగి) అంబలి, గుడ్లు, వేరుశనగ, పప్పు, పాలు ఉంటే డబ్బాల్లో అమ్మే పౌడర్ల అవసరం లేదు. లంగర్‌లో (సెంటర్ భోజనశాలలో) రొట్టెలు ఎక్కువగా పెడతారు, మూడు పూటలా అన్నానికి అలవాటుపడ్డ కడుపు మొదట్లో మొరాయిస్తుంది, ఇప్పటి నుంచే ఒక పూట చపాతీ తినడం అలవాటు చేసుకోండి. గబగబా తినడం కూడా. ఎండ సంగతి అన్నిటికంటే ముఖ్యం. శరీరం ఎండకు అలవాటు పడడానికి పది, పద్నాలుగు రోజులు కావాలి. బరువు తగ్గాలని వానకోటు తొడుక్కుని పరుగెత్తే పిల్లలను మా గ్రౌండులోనే పట్టుకుని ఆపాను. దాంతో పోయేది చెమట నీరే, కొవ్వు కరగదు. పైగా ఒంట్లో వేడి బయటకు పోక ప్రాణం మీదికి వస్తుంది. పరుగులో ఎవడైనా తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వాడిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోసి విసురుతూ ఉండండి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి.

ఉద్దానం వాడిగా ఒకటి వేడుకుంటున్నాను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో రాష్ట్రమంతా చూసింది. అదే ఊళ్ల పిల్లలు పరుగుకు ముందు నొప్పి తెలియకూడదని మెడికల్ షాపులో పెయిన్‌కిల్లర్ అడిగి తీసుకుని మింగుతున్నారు. నీళ్లు తాగకుండా, ఎండలో, ఆ మాత్ర వేసుకుని ఒళ్లు విరిగేలా పరుగెత్తితే దెబ్బ పడేది కిడ్నీల మీదే. కష్టపడి చేసిన మర్నాడు మూత్రం ముదురు టీ రంగులో వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. దమ్ము పెంచే ఇంజెక్షన్లని ఎవరో చెవిలో ఊదితే దగ్గరికి కూడా రానివ్వకండి. అవి వాడినట్టు తేలితే ఉద్యోగం పోతుంది, తేలకపోయినా ఒళ్లు పాడవుతుంది.

ఆడపిల్లల సంగతీ చెప్పాలి. మిలటరీ పోలీసులోకి మన అమ్మాయిలు వెళ్తున్నారు, వాళ్ల శిక్షణ బెంగళూరులో. ఎముక పగుళ్లు వాళ్లకు మగపిల్లల కంటే ఎక్కువగా వస్తాయి, రక్తహీనత తోడైతే ఇంకా కష్టం. వెళ్లేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తక్కువ ఉంటే డాక్టరు చెప్పినట్టు ఐరన్ మాత్రలు వాడించండి. రెండు నెలలు ముందుగా మొదలుపెడితేనే ఫలితం కనిపిస్తుంది.

ఇప్పుడు మనసు. పదిహేడున్నర ఏళ్లకే తీసుకుంటున్నారు. ఆ వయసు పిల్లలు చాలామంది ఇంటి గడప దాటి నాలుగు రాత్రులు బయట ఉండి ఎరగరు. మొదటి రెండు వారాలు రాత్రి లైట్లు ఆపాక బ్యారక్‌లో దుప్పట్ల కింద ఏడుపు వినబడుతుంది. నేను విన్నాను, నాకు ముందు పనిచేసిన ఉస్తాదులూ విన్నారు. అలా ఏడ్చినవాళ్లలో తర్వాత డ్రిల్‌లో బెస్ట్ వచ్చినవాళ్లు ఉన్నారు. నువ్వొక్కడివే బెంగపెట్టుకున్నావని అనుకోవద్దు. పక్క మంచం వాడు పంజాబీ అయినా, తమిళుడైనా వాడికీ అంతే ఉంటుంది. వాడితో మాట కలుపు.

మాట కలపాలంటే హిందీ కావాలి. మన పిల్లలు అసలు నష్టపోయేది ఇక్కడే. ఉస్తాద్ చెప్పింది అర్థంకాక ఎడమకు తిరగాల్సినవాడు కుడికి తిరుగుతాడు, వాడి వల్ల స్క్వాడ్ మొత్తానికి రగడా (ఒళ్లు అలిసేలా చేయించే శిక్ష) పడుతుంది, అందరూ వాడివైపు చూస్తారు. ఒంట్లో సత్తువ ఉన్న పిల్లాడు సైతం అక్కడ కుంగిపోతాడు. దాయే ముడ్, బాయే ముడ్, సావధాన్, విశ్రామ్, తేజ్ చల్, థమ్ లాంటి ఆజ్ఞలు నోటికి రావాలి. అంకెలు వందదాకా, వారాల పేర్లు, వస్తువుల పేర్లు, ‘సమఝ్ నహీ ఆయా ఉస్తాద్’ అని భయం లేకుండా అడగడం రావాలి. ఊళ్లో సెలవు మీద వచ్చిన ఫౌజీ ఎవరో ఒకరు ఉంటారు, రోజూ సాయంత్రం అరగంట ఆయనతో హిందీలోనే మాట్లాడండి. మా గ్రౌండులో చివరి పావుగంట తెలుగు మాట్లాడకూడదని పెట్టాను. కొండ మీది సవర ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు నడకలో, బరువులో అందరికంటే ముందుంటారు. వాళ్లకు తెలుగే రెండో భాష, హిందీ మూడోది. వాళ్ల మీద ఇంకాస్త ఓపిక పెట్టాలి.

కేకలు, తిట్లు, ఒకడి తప్పుకు అందరికీ శిక్ష, ఇవి ఉంటాయి. వాటిని సొంతానికి తీసుకుంటే మాత్రం తట్టుకోలేరు. ఆ ఉస్తాద్ కేకేసేది నీ పేరు మీద కాదు. తుపాకీ మోగుతున్న చోట కూడా చెప్పింది చెప్పినట్టు చెవిన పడాలని కేకేస్తాడు. ముప్ఫై ఒక్క వారాలు ఎలా గడుస్తాయా అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాడు ముందే అలసిపోతాడు. మధ్యాహ్నం భోజనం దాకా చూసుకో, అక్కడి నుంచి రోల్‌కాల్ దాకా చూసుకో. ఇంటి దగ్గర ఉన్నప్పుడే తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, పక్క మడతపెట్టడం, అయిదు నిమిషాల్లో స్నానం, బట్టలు తనే ఉతుక్కుని ఇస్త్రీ చేసుకోవడం, గుండీ కుట్టుకోవడం నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. అమ్మలారా, ఆ కొన్ని వారాలూ వాడి బట్టలు ఉతకకండి. కష్టంగా ఉంటుందని తెలుసు.

ఫోన్ సెంటర్‌లో జమ చేయాల్సి వస్తుంది, ఇచ్చినప్పుడే మాట్లాడుకోవాలి. ముందే రోజుకు ఇన్ని గంటలని తగ్గించుకుంటూ రండి. ఆదివారం ఆ కొద్ది నిమిషాలు దొరికినప్పుడు ఇంటి నుంచి ఏం చెబుతున్నామన్నది కూడా చూసుకోవాలి. జీడి తోట మీద అప్పు, చెల్లి పెళ్లి, వడ్డీ వాయిదా, ఇవన్నీ ఆ పిల్లాడి చెవిన వేస్తే వాడు వారమంతా రైఫిలు పట్టుకుని అదే ఆలోచిస్తాడు. మొదటి ఏడాది జీతం నెలకు 30 వేలే, అందులో తొమ్మిది వేలు నాలుగేళ్ల తర్వాత చేతికిచ్చే సేవానిధికి పోతుంది. దాన్ని నమ్ముకుని వాడు రైలెక్కకముందే కొత్త అప్పు చేసిన ఇళ్లు నాకు తెలుసు. పెద్దలకు చేతులెత్తి మొక్కుతున్నాను, శిక్షణ పూర్తయ్యేదాకా ఆ లెక్కలు మీ దగ్గరే ఉంచుకోండి.

సంపాదకులు గారూ, మీ చదువు పేజీల్లో అగ్నివీర్ మోడల్ పేపర్లు, బిట్లు వేస్తున్నారు. ఫలితాలు వచ్చిన వారం నుంచి ఒక రెండు నెలల పాటు ఆ పేజీలోనే పావు వంతు చోటు ఇవ్వండి. కాలి ఎముక గురించి ఎముకల డాక్టరు చేత, ఎండ, కిడ్నీల గురించి ఆ డాక్టర్ల చేత, హిందీ ఆజ్ఞల గురించి మాలాంటి మాజీ సైనికుల చేత రాయించండి. రాయడానికి నేను సిద్ధం, రూపాయి అక్కర్లేదు. అకాడమీలు నడిపే తమ్ముళ్లకు ఒక విన్నపం. సెలెక్టయిన పిల్లాడి ఫొటో ఫ్లెక్సీ మీద వేసుకోండి, అది మీ హక్కు. వాడిని రిపోర్టింగ్ తేదీ వరకు ఫీజు లేకుండా గ్రౌండుకి రానివ్వండి. కొత్త పిల్లలకు వాడే పేసర్‌గా ఉంటాడు, మీ పనీ సాగుతుంది. మాజీ సైనికుల సంఘాలు మండలానికి ఇద్దరు ముగ్గురిని ఈ పనికి పెట్టగలవు. తాడేపల్లిగూడెం పక్కన మిలటరీ మాధవరంలో తరతరాలుగా ఇంట్లో పెద్దలే పిల్లలకు ఇవన్నీ చెప్పుకుంటూ వచ్చారు. ఇంట్లో ఫౌజీ లేని పిల్లాడికి ఆ పెద్దరికం మనం ఇవ్వాలి.

ఈ దఫా సెలెక్టయిన సోంపేట, మందస, కంచిలి మండలాల పిల్లలు ఎవరైనా సరే, తెల్లవారుజామున అయిదింటికి మా హైస్కూల్ గ్రౌండుకి రావచ్చు. బూట్లు, ఒక వాటర్ బాటిల్, చిన్న నోటుబుక్కు తెచ్చుకుంటే చాలు. ఆదివారం సెలవు.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు (ఆర్టిలరీ),
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా